గంజాయి సంఘము – ఓర్వకల్లు పాఠము

జర్మనీ దేశమున 2024వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన అమలునకు వచ్చిన గంజాయి చట్టము, ఆ యేటి జులై 1 మొదలుకొని, పదునెనిమిదేండ్లు నిండినవారు లాభాపేక్ష లేని సంఘములుగా ఏర్పడి, తమకు కావలసిన గంజాయిని తామే సాగుచేసికొని తమలో తామే పంచుకొనుటకు అనుమతి నొసగినది. ఈ సంగతి విన్నవారిలో కొందరు ముక్కుపై వ్రేలు వేసికొందురు. మరికొందరు, అట్టి స్వేచ్ఛ మనకెన్నడు లభించునని ప్రశ్నింతురు. మొదటివారు ఆ చట్టమును చదువక నిందించుచున్నారు. రెండవవారు మన పల్లెను తలపక కోరుచున్నారు. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల మెట్టపల్లెలలో నివసించు మనకు ఈ సంఘముల వలన నేర్వదగినది కొంత కలదనియు, ఐనను అది గంజాయి గాదనియు చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా ఆ సంఘముల స్వరూపమును తెలిసికొనుట మేలు. ఒక్కొక్క సంఘమున సభ్యులు 500 మందికి మించరాదు. ఒకే వ్యక్తి రెండు సంఘములలో చేరరాదు. చేరినవాడు మూడు మాసములైనను సభ్యుడుగా నుండవలయును. ఆ దేశమున ఆరు మాసములుగా నివసించుచున్న వారికే గాని పరదేశి యాత్రికులకు ప్రవేశము లేదు. దినమునకు 25 గ్రాములు, మాసమునకు 50 గ్రాములు మించి యెవ్వరికిని ఈయరాదు. ఇరువదియొక్క యేండ్లలోపు వారికైనచో మాసమునకు 30 గ్రాములే, అందును మత్తు కలిగించు పదార్థము నూటికి పదిపాళ్లకు మించని సరకే. పాఠశాలలకును, పిల్లల క్రీడాస్థలములకును 200 మీటర్లలోపున సంఘముండరాదు, సంఘపు ఆవరణలో త్రాగరాదు, ప్రకటనలు చేయరాదు, మద్యమును గాని పొగాకును గాని అచట పంచరాదు, వ్యసనము ముదిరిన సభ్యుని గుర్తించి వైద్యునికడకు త్రోవచూపుటకు శిక్షణ పొందిన బాధ్యుడొకడు ప్రతి సంఘమునందును తప్పక యుండవలయును. ఇన్ని కట్టుబాట్లను చూచినవారు దీనిని విచ్చలవిడితన మనజాలరు. ఉత్తర జర్మనీలో లోయర్ సాక్సనీ రాష్ట్రమునకు చెందిన గాండర్కెజే అను చిన్న ఊరి సంఘము, తొలుత అనుమతి పొందినవానిలో నొకటియై, ఆ యేడు నవంబరులోనే తన మొదటి పంటను సభ్యులకు పంచినది.

ఇది జర్మనీవారి సొంత కల్పన కాదు. దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశము 2013 డిసెంబరులోనే ఇట్టి సంఘములకు చట్టమున చోటిచ్చి, సభ్యులు 15 మందికి తగ్గరాదనియు, 45 మందికి మించరాదనియు, మొక్కలు 99కి మించరాదనియు కట్టడి చేసినది. మధ్యధరాసముద్రమునందలి మాల్టా ద్వీపము 2021 డిసెంబరులో ఐరోపా సమాఖ్యలో నందరికంటె ముందుగా ఈ త్రోవ త్రొక్కి, సభ్యునికి దినమునకు 7 గ్రాములు, మాసమునకు 50 గ్రాములు అని కొలత పెట్టినది. ఈ మూడు దేశముల సంఘములందును సమానమైన సూత్ర మొక్కటే: మత్తుపదార్థమును అమ్మి లాభము గడించువాడు నడుమ నుండరాదు. అమ్మువానికి లాభమున్నచో, కొనువాడు నానాటికి అధికముగా కొనవలెనన్న కోరిక వానికి సహజముగా పుట్టును; ఆ కోరికను త్రుంచినగాని వ్యసనము హద్దులో నిలువదన్నది ఆ చట్టకర్తల తలంపు. ఈ తలంపును త్రోసివేయుటకు నాకు కారణము కనబడదు.

మన దేశమున చట్టము వేరు. 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల చట్టము గంజాయి మొక్క పూతను, కంకిని నిషేధించి, పూత కలియని ఆకును, గింజను ఆ నిర్వచనమునుండి విడిచిపెట్టినది. ఉత్తరదేశమున హోళీనాడు భంగు బహిరంగముగా త్రాగగలుగుట అందుచేతనే. కిలోలోపు గంజాయి దొరికినచో ఒక యేడు వరకు కారాగారము, 20 కిలోలకు మించి దొరికినచో పదేండ్లకు తగ్గని కఠినశిక్ష, లక్షరూపాయలకు తగ్గని జరిమానా. విశాఖ మన్యమునుండియు, ఒడిశా సరిహద్దునుండియు రైళ్లలోను, బస్సులలోను సరకు మోయుచు పట్టుబడువారిలో, కొన్నవాని పేరుగాని, అమ్మినవాని పేరుగాని ఎరుగని కూలిపిల్లలు ఉండుట పోలీసులకును, న్యాయవాదులకును తెలియని సంగతి కాదు. సంచి మోసినందులకు చేతికందిన కొద్దిపాటి కూలికి పదేండ్ల యౌవనము చెల్లించుట ఎట్టి తూకమో చట్టమును వ్రాసినవారు మరల ఆలోచింపవలసియున్నది.

ఐనను ఈ నేలపై గంజాయి ఎల్లప్పుడును నిషిద్ధమై యుండలేదు. ఆంగ్లేయుల కాలమున చెన్నపురి రాజధానిలో, నాటి కృష్ణామండలమునను, ఉత్తరార్కాటునకు చెందిన జవ్వాది కొండలమీదను గంజాయి ప్రభుత్వానుమతితో పండుచుండెను. దానిని అమ్ము హక్కును సర్కారు కంట్రాక్టునకిచ్చి రొక్కము రాబట్టుకొనుచుండెను. 1893లో నియమింపబడిన హిందూదేశ గంజాయి విచారణసంఘము వేయిమందికి పైబడిన సాక్షులను విచారించి, మరుసటి యేడు సమర్పించిన నివేదికలో, మితముగా వాడువారికి కలుగు హాని స్వల్పమనియు, పూర్తి నిషేధము కంటె పన్నుతోడి అదుపే యుక్తమనియు తేల్చినది. ఈ నివేదికను నేటి గంజాయి పక్షపాతులు వేదవాక్యమువలె ఉదహరింతురు. అది ఆనాటి సరకును గూర్చినదని గాని, పన్ను పుచ్చుకొను ప్రభుత్వమే ఆ విచారణను జరిపించినదని గాని వారు జ్ఞాపకముంచుకొనరు. మితవాది యను పేరున ఖజానా మాటలాడుట మన చరిత్రకు క్రొత్త కాదు.

పన్నుకును మత్తునకును గల ఈ మైత్రిని రాయలసీమవలె అనుభవమున నెరిగిన సీమ మరియొకటి యుండదేమో. 1937 అక్టోబరు 1న సేలము జిల్లాలో మద్యనిషేధమును ఆరంభించిన రాజాజీ ప్రభుత్వము, మరుసటి యేడు దానిని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసినది. అందుచేత దక్షిణదేశమున నిషేధపు తొలి ప్రయోగశాలలలో కడపయు నొకటి. ఆబ్కారీ రాబడి పోగా కలిగిన లోటును పూడ్చుకొనుటకు ఆ ప్రభుత్వమే 1939లో అమ్మకపు పన్నును కల్పించినది. తదుపరి, కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధానియై యుండగా, నిషేధమును ఎత్తివేయవలెనని రామమూర్తి సంఘము చేసిన సిఫారసును ప్రకాశము పంతులుగారి ప్రభుత్వము ఆమోదింపకుండుటయు, గీతకార్మికుల పక్షమున గౌతు లచ్చన్నగారు ఉద్యమించుటయు జరిగి, 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానము ఒక్క వోటు ఆధిక్యముతో నెగ్గగా, ఆ మంత్రివర్గము కర్నూలులోనే కూలిపోయినది. ఒకవైపు సర్కారు రాబడి, మరియొకవైపు గీతవాని బ్రతుకు, నడుమ త్రాగువాని సంసారము: ఈ ముగ్గురి తగవును తీర్పజాలకయే ఆ ప్రభుత్వము గతించినది.

అటుపిమ్మటి కథ అందరెరిగినదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాదుకాణమును మూయించుటతో రేగిన నిప్పు రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరులో సారానిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును తెచ్చినది. రెండేండ్లు దాటినంతనే, రాబడి చాలదను వాదముతో 1997లో అది సడలినది. 2019లో ప్రభుత్వము దుకాణములను తానే నడుపబూనినది. 2024 అక్టోబరులో అవి మరల ప్రైవేటువారి చేతికి చేరినవి. దుకాణముపైని బోర్డు ఎన్నిమారులు మారినను లాభము మాత్రము మారలేదు. సీసాకు రాబడిని లెక్కించుకొను ప్రభుత్వము సీసాను త్రాగవలదని బోధించినచో ఆ బోధను ఎవ్వరు నమ్ముదురు? జర్మనీవారి చట్టమునుండి మన పాలకులు నేర్వవలసిన మొదటి పాఠ మిదియే: మత్తును అనుమతించినను, నిషేధించినను, దాని లాభముపై మాత్రము ఎవ్వరును బ్రతుకరాదు, సర్కారుతో సహా.

ఇచట ఒక భ్రమను తొలగింపవలయును. వేరుశనగ ఎండి, శనగకు ధర దిగి, బోరు వట్టిపోయిన మెట్టరైతునకు గంజాయి సాగు ఒక గతి యగునని వాదించువారు కొందరు కలరు. వీరు రెండు వేర్వేరు విషయములను కలగలుపుచున్నారు. లాభాపేక్ష లేని సంఘము తన సభ్యులకు మాత్రమే పండించును, బయట అమ్మదు, కావున దానివలన రైతునకు ఆదాయమన్నది రాదు. ఆదాయము వచ్చునట్టిది నారకును, గింజకును పండించు మత్తులేని జాతి. దానికి 1985 చట్టములోనే 14వ విభాగము దారి చూపుచున్నది. ఉత్తరాఖండ్ ఆ దారిని 2018 ప్రాంతమున పట్టినది. ఆ పంట మన ఎర్రనేలలకును, నల్లరేగడులకును తగునో తగదో వ్యవసాయశాస్త్రజ్ఞులు తేల్పదగిన సంగతి. దానిని సంఘపు గంజాయితో ముడివేసి కరవురైతునకు ఆశ కల్పించుట న్యాయము కాదు.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. చట్టము మారి, రేపు మన మండలమున అట్టి సంఘమొకటి వెలసినదనుకొందము. దానియందు చేరువాడు మొదట చేయవలసినది తన పేరును ఒక పుస్తకమున వ్రాయించుట. బెర్లిను వంటి మహానగరమున ఆ పుస్తకము ఒక బీరువాలో నిదురించును. మన పల్లెలో పుస్తకము నిదురింపదు. రెండువేల గడప లేని ఊరిలో, ఎవని కొడుకు ఏ సంఘమున చేరెనో సాయంకాలమునకు రచ్చబండకు తెలియును. మరునాటికి పెండ్లిసంబంధము తప్పిపోవును. ఎన్నికలనాటికి అది ప్రత్యర్థివర్గము చేతి ఆయుధమగును. రాయలసీమలో వర్గమన్న మాటకు గల బరువు ఇతరులకు తెలియజెప్పుట కష్టము. సింగిల్ విండో సభ్యత్వము ఏ పెద్దమనిషి చేర్పించెనో, 1997 చట్టముతో వచ్చిన నీటిసంఘమున అధ్యక్షపదవి ఎవరి పక్షమునకు దక్కెనో, చౌకధరల దుకాణము ఎవరి బంధువునకు లభించెనో తెలిసిన యెడల, ఆ ఊరి రాజకీయమంతయు తెలిసినట్లే. సారాకంట్రాక్టులు ముఠాలకు బలము చేకూర్చిన రోజులను మరచిన పెద్దవారు ఇంకను లేరు. అట్టి ఊరిలో 500 మందికి మత్తును పంచు అధికారము గల సంఘమొకటి పుట్టినచో, అది లాభము లేనిదై యుండవచ్చును గాని, వర్గము లేనిదై యుండజాలదు. రొక్కమున రాని లాభము వోట్ల రూపమున వచ్చును. చేరని యువకుడు ఎదుటివర్గమువాడగును. చేరినవాడు మానుకొనదలచినపుడు తన పెద్దను విడనాడినవాడగును.

అట్లని మన పల్లెలలో సంఘమన్నదే బ్రతుకదని చెప్పినచో అది కన్నులెదుట నున్న సత్యమునకు అపచారము. కర్నూలునకు కూతవేటు దూరముననున్న ఓర్వకల్లు మండలపు స్త్రీలు, తొంబదుల దశకమున ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము తోడ్పాటుతో పొదుపుసంఘములుగా కూడి, వానిని గ్రామసమాఖ్యలుగాను, మండలసమాఖ్యగాను పెంపొందించి, దేశవిదేశములవారు వచ్చి చూచి నేర్చుకొనునంతటి వ్యవస్థను నిర్మించిరి. పదిమందియో, పదునైదుమందియో కల చిన్న గుంపు; నిర్ణీతమైన సమావేశదినము; ఎల్లరి యెదుట తెరచి చూపు లెక్కలపుస్తకము; ఒకతె కిస్తు తప్పినచో మిగిలినవారందరు బాధ్యులగు ఒడంబడిక. ఇందులో గుట్టు లేదు, లాభము పంచుకొను దళారి లేడు, పెద్దమనిషి లేడు. ఉరుగ్వే చట్టకర్తలు సంఘమును 15 మందితో ఆరంభింపజేసినపుడు ఓర్వకల్లును ఎరుగరు. ఐనను చిన్నగుంపే తన్ను తాను కావలికాచుకొనగలదను జ్ఞానము ఇరువురికిని ఒక్కటే. మన మంగళి పొది వలె, ప్రతి పల్లెలోను ఈ పనిముట్టు సిద్ధముగానే యున్నది. దానిని ఏ పనికి వినియోగింతుమన్నదే ప్రశ్న.

మత్తును పంచుటకు గాక మాన్పించుటకు దానిని వినియోగింపుడని నా మనవి. దీనికి క్రొత్తచట్టము కొరకు ఢిల్లీవైపు చూడనవసరము లేదు. 1985 చట్టపు 64ఎ విభాగము, గంజాయి వాడినందులకు గాని, స్వల్పపరిమాణము కలిగియున్నందులకు గాని నేరారోపణకు గురియైన వ్యసనపరుడు స్వచ్ఛందముగా గుర్తింపుపొందిన ఆసుపత్రిలో చికిత్సకు పూనుకొన్నచో, వానిపై విచారణ జరుపరాదని చెప్పుచున్నది. 39వ విభాగము, దోషిగా తేలిన వ్యసనపరుని సైతము చెరసాలకు పంపుటకు మారుగా చికిత్సకు విడుదలచేయు అధికారము న్యాయస్థానమున కొసగినది. చికిత్సాకేంద్రములను స్థాపించు అధికారమును 71వ విభాగము ప్రభుత్వమునకు కల్పించినది. దశాబ్దములుగా పుస్తకమున పండుకొనియున్న ఈ మూడు వాక్యములను మేల్కొల్పినచో, మన పల్లెపిల్లవాని నుదుటివ్రాత కొంత మారును.

ఆసుపత్రిలో కొన్నాళ్లుండి వచ్చినవాడు ఊరికి మరలినపుడు, వానికెదురగునది పాతస్నేహితులు, పాతచెట్టు, పాతచిలుము. చికిత్స చెడునది ఇచటనే. కర్నూలు సర్వజన వైద్యశాలలోని మానసికవైద్యుడు నంద్యాలకవతలి పల్లెవరకు వారమువారము రాలేడు. అచట కావలసినది, మానుకొన్నవారును, మానుకొనగోరువారును, వారి తల్లులును కలిసిన పదిమంది గుంపు. నెల కొక్కమారైనను కూడి మాటలాడుకొనుట, ఉపాధిపనికో, టైలరింగుకో, ట్రాక్టరు మరమ్మతునకో ఒకరినొకరు తీసికొనిపోవుట, జారిపోయినవానిని నిందింపక మరల వైద్యునికడకు చేర్చుట వారి పనులు. సభ్యుల పేర్లు వైద్యునియొద్ద మాత్రమే యుండవలయును. సచివాలయమునకు గాని, రాజకీయ కార్యకర్తకు గాని, పోలీసుస్టేషనుకు గాని ఆ పుస్తకము పోరాదు. పట్టుబడిన పిల్లల ముఖములను వరుసగా నిలబెట్టి ఛాయాచిత్రములు ప్రచురించు అలవాటును మా పత్రికలవారును మానుకొనవలయును. గంజాయివనమున తులసిమొక్కను వెదకు సమాజము, తులసిని సైతము గంజాయియని ముద్రవేయుట తగునా?

మాదకద్రవ్యముల నిరోధమునకై రాష్ట్రప్రభుత్వము 2024లో ఈగల్ అను ప్రత్యేక విభాగము నేర్పరచి, 1972 అను దూరవాణిసంఖ్యను ప్రజల కిచ్చినది. సరకును, దాని వెనుక పెట్టుబడిని పట్టుకొనుటకు అట్టి బలము అవసరమే. మన్యమునుండి కదలిన లారీని పదిమంది తల్లుల గుంపు ఆపజాలదు. కాని ఆ సంఖ్యకు ఫోనుచేయు తల్లికి, తన కుమారుడు కటకటాలలోకి పోవునో, వైద్యునికడకు పోవునో ముందుగా తెలిసియుండవలయును. ఆ భరోసా లేనంతవరకు ఆమె ఫోను చేయదు. పుత్రుని దోషమును గుట్టుగా కడుపులో దాచుకొనును. దళారికి కావలసినది ఆ గుట్టే.

ఆక్షేపణలకు సమాధానము చెప్పుకొందము. సీసాను వీధివీధి అమ్ముచు ఆకును నిషేధించుట ద్వంద్వనీతి కాదా యని స్వేచ్ఛావాది అడుగును. అగును, ద్వంద్వనీతియే, దానికి మందు సీసాలాభమును తగ్గించుటయే గాని మరియొక మత్తును చేర్చుట గాదు. రాయచూరు, యాదగిరి సీమలలో మన పొరుగువారైన అవధూత, శరణ సంప్రదాయములవారు శతాబ్దములుగా గంజాయిని సాధనగా భావింతురనియు, యాదగిరి జిల్లా తింథిణి మౌనేశ్వరుని గుడిలో జాతరవేళ ప్రసాదముగా పంచుదురనియు 2020లో పత్రికలు వ్రాసినవి. అది సంప్రదాయమైనచో సంఘమేల తప్పని అడుగువారును కలరు. ఏడాది కొకమారు గురుసన్నిధిని జరుగు ఆచారమునకును, పదునెనిమిదేండ్ల బాలుని చేతికి మాసమాసము కొలిచి యిచ్చు సరఫరాకును పోలిక లేదు. మెదడు పక్వమగుట ఇరువదిదాటిన పిమ్మట కూడ సాగుచునే యుండుననియు, చిన్నవయసున అలవడిన గంజాయి కొందరిలో మతిభ్రమకు తావొసగుననియు వైద్యులు చెప్పుచున్నారు. జర్మనీవారు ఇరువదియొక్క యేండ్లలోపువారికి వేరుకొలత పెట్టుట అందులకే.

ఇక కఠినశిక్షావాది, మెతకదనము చూపినచో పిల్లలు చెడుదురని వాదించును. శిక్షాభయము వ్యాపారిని వెనుకకు లాగవచ్చును. వ్యసనపరుని లాగినట్లు మన అనుభవమున కనబడదు. చెరసాలలో ఆరునెలలున్న బాలుడు ఊరికి వచ్చునప్పటికి, వాడెరిగిన దళారుల సంఖ్య పెరిగియుండును గాని తగ్గియుండదు.

కావున ప్రభుత్వమునకు నా సూచన యిది. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాలలో ఒక్కొక్క మండలమును ఎన్నుకొని, జిల్లా న్యాయసేవాధికారసంస్థను, సర్వజన వైద్యశాలను, స్త్రీల సమాఖ్యను ఒక్కచోట కూర్చి, 64ఎ విభాగమును అక్షరాల అమలుచేయుడు. అట్టి చిన్నగుంపుల నిర్వహణకు, మద్యపు రాబడిలో కొంతపాలును చట్టపూర్వకముగా కేటాయింపుడు. మూడేండ్ల పిమ్మట, ఎందరు మరల పట్టుబడిరో, ఎందరు పనిలో కుదిరిరో పేర్లు లేని లెక్కలను ప్రజలయెదుట నుంచుడు. ఆ ప్రయత్నము నిజాయితీతో జరిగియు విఫలమైనచో, జర్మనీవారి సంఘములు మనకు తగునో తగవో యన్న వాదమునకు అప్పుడు కూర్చుందము. ఫలించినచో, మన పిల్లలకు ఆ సంఘముతోడి అక్కరయే చాలవరకు తీరియుండును.